ఊరకుండమని చెప్పడం రాని మిషను

ఇప్పటి పిల్లలకు ఏ.ఐ. అంటే ఫోన్లోంచి జవాబు చెప్పే తెలివి. నేను ఉద్యోగంలో ఉన్న ఎనభైల నడిమి రోజుల్లో అనంతపురం జిల్లాలో ఆ రెండక్షరాలకు ఒకటే అర్థం ఉండేది. ఆవులకూ ఎనుములకూ సూదితో చూలు కట్టించడం. అందుకని, వ్యవసాయంలో ఏ.ఐ. పరిశోధనకు నిధులు మంజూరయ్యాయని ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరం మా కేంద్రానికి రాకుండా పశువుల ఆసుపత్రికి చేరింది. అక్కడి డాక్టరు దాన్ని మూడు వారాలు భద్రంగా ఫైల్లో పెట్టుకున్నాడు. చివరికి ఆయనే సైకిలు మీద వచ్చి, ఉత్తరం మా పెద్దసారు చేతికిచ్చి, "ఇందులో కంప్యూటర్ అని రాసుండాది సార్. ఎనుముకు కంప్యూటర్ ఎందుకని నాకు అనుమానం వచ్చింది" అన్నాడు.

ఈమధ్య వ్యవసాయ కాలేజీ పిల్లలు ఎవరైనా ఇంటికొస్తే, ఆ కాలంలోనే మీరు ఇలాంటి పరిశోధన చేశారట కదా, చెప్పండి అంటారు. చేశాం. అది ఎట్లా తప్పిందో చెబుతాను. తప్పిన సంగతే నాకు ఎక్కువ గుర్తుంది.

నేను ఊరి బయటి మెట్టపంటల పరిశోధనా కేంద్రంలో సహాయకుణ్ణి. శెనక్కాయ చేలలో పురుగులను లెక్కపెట్టడం నా పని. మాది గుత్తి. మా నాయన అక్కడి శెనక్కాయల మండీలో గుమాస్తా. కాయను చేతిలో పోసుకుని ఊపి, చప్పుడును బట్టి తాలు ఎంతో చెప్పేవాడు. నేను బడికి పోయేముందు మండీలో, సెలవుల్లో మేనమామ చేలో పెరిగాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరువాత జరిగిన పొరపాటుకు మూలం అక్కడే ఉంది.

పెద్దసారు అని మేం పిలిచే మా కేంద్రం అధిపతి కృష్ణా జిల్లా మనిషి. కాలువల కింద పుట్టినవాడు, ఈ ఎండలోకి వచ్చి పదేళ్లు దాటినా బదిలీ అడగలేదు. ఆయనకు ఒక దిగులుండేది. వానల్లేని జిల్లా, పండని పంట, దీని మీద పరిశోధన ఎందుకని పైవాళ్లు ఏదో ఒక రోజు కేంద్రాన్ని మూసేస్తారని. అందుకే ఎక్కడ నిధుల ప్రకటన కనబడినా దరఖాస్తు పెట్టేవాడు. కంప్యూటరుకు శాస్త్రవేత్తల తెలివిని నేర్పి, దాని చేత రైతుకు సలహా ఇప్పించే పరిశోధన అని పేపర్లో చూసినప్పుడు, దాని సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కరే ఉన్నారు. ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరర్ మేడమ్. కాకినాడ వైపు ఆవిడ. నాకంటే చిన్నది. మాట తక్కువ, ప్రశ్న ఎక్కువ.

మిషను వచ్చింది. ఆకుపచ్చ అక్షరాలు కనబడే చిన్న తెర, కింద ఒక పెట్టె, పక్కన గరగరమని అచ్చు కొట్టే ఇంకో పెట్టె. దానికోసం విత్తనాల గది ఖాళీ చేసి, కిటికీలు మూసి, ఏసీ పెట్టించాం. చెప్పులు బయట విడిచి పోవాలి. మా కేంద్రంలో చల్లగా ఉండే చోటు అదొక్కటే కాబట్టి, ఏదో ఒక పని కల్పించుకుని అందరూ అక్కడికి వచ్చేవారు.

పని విధానం చాలా సులువుగా చెప్పొచ్చు. రైతు చేను గురించి పదకొండు ప్రశ్నలు. అవును, లేదు, అంతే. జవాబులను బట్టి మిషను ఇది ఫలానా పురుగు, ఇది ఫలానా తెగులు, ఈ మందు కొట్టండి అని చెబుతుంది. ఆ ప్రశ్నలకూ జవాబులకూ మధ్యనుండే సూత్రాలు మేం రాయాలి. ముగ్గురు శాస్త్రవేత్తల దగ్గర కూర్చుని రాసుకున్నాం. ఒకాయన పురుగులు, ఒకాయన తెగుళ్లు, ఒకాయన మట్టి. ఎవరి శాఖ సంగతి వాళ్లు చెప్పారు. వాటిని మేడమ్‌కు వివరించేది నేను.

"చూస్తే తెలిసిపోతుంది మేడమ్" అనేవాణ్ణి నేను.

"ఏం చూస్తే?" అనేది ఆవిడ.

"ఆకు చూస్తే."

"ఆకులో ఏం చూస్తే?"

అట్లా సాయంత్రందాకా. మొదట్లో విసుగు పుట్టేది. తరువాత తరువాత అదే ఇష్టమైపోయింది. పదిహేనేళ్లుగా చేస్తున్న పనిని ఎట్లా చేస్తున్నానో నన్నెవరూ అడగలేదు. అడిగితే నాకు చెప్పడం రాలేదు. ఇంటికి నడుస్తూ కూడా ఆలోచించేవాణ్ణి, ఎర్రగొంగళి పురుగు తిన్న చేనును గట్టు మీదనుంచే గుర్తుపడతాను కదా, ఏం చూసి గుర్తుపడుతున్నాను అని.

మిషనుకు తెలుగు రాదు. అందుకని ప్రశ్నలను తెలుగులో ఒక కాగితం మీద సైక్లోస్టైల్ చేయించి, ఆ కాగితాలు పట్టుకుని నేను పల్లెలు తిరిగేవాణ్ణి. ఒక్కో రైతుకు ఒక్కో కాగితం. ప్రశ్న అడిగి, అవును దగ్గరో లేదు దగ్గరో టిక్కు పెట్టి, కేంద్రానికి తెస్తే మేడమ్ మిషనులో ఎక్కించేది. అది చెప్పిన సలహాను తెలుగులో చీటీ మీద రాసి మళ్లీ నేనే రైతుకు ఇచ్చేవాణ్ణి. ఆ తరువాత శాస్త్రవేత్తలు పోయి చేను చూసి, మిషను మాట సరైందో కాదో తేల్చేవారు. మొదటి ఏడాది పదింటికి తొమ్మిది సరిపోయాయి. పెద్దసారు ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ ఫలితాలతో నివేదిక రాసి, ఇంకో మూడేళ్లకు నిధులు, ఇంతకంటే పెద్ద మిషను కావాలని ఢిల్లీకి పంపాడు. వచ్చి చూసి నిర్ణయిస్తాం అని వాళ్లు జవాబు రాశారు.

రెండో ఏడాది విత్తనానికి వాన పడింది. తరువాత పడలేదు. ఆగస్టు వచ్చింది, శెనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే సమయం, ఆకాశంలో మబ్బు తునక లేదు. సరిగ్గా అప్పుడే నాకు కామెర్లు వచ్చాయి. గుత్తికి పోయి మంచం పట్టాను. పల్లెల పని ఆగకూడదని కాగితాలు తీసుకుని మేడమే బయలుదేరింది. ఆవిడకు మోటారు సైకిలు రాదు. బస్సులో పోయి, ఊరి బడి వరండాలో కూర్చుని, రైతులను పిలిపించి అడిగి రాసుకునేది.

రెండు వారాల తరువాత ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట. నేను మజ్జిగన్నం తిని కూర్చుని ఉన్నాను. బాగున్నారా అని కూడా అడగలేదు.

"మిషను చెడిపోయిందో, నేను ఏదైనా తప్పు ఎక్కించానో తెలియడం లేదు. దాదాపు అందరికీ ఆకుముడత పురుగు అంటోంది. మందు కొట్టమంటోంది."

ఆకుముడత పురుగు సన్నని దారంతో ఆకును మడిచి కుట్టి, లోపల దాక్కుని పచ్చదనం తింటుంది. వానలు లేని రోజుల్లో ఎక్కువగా వస్తుంది. అది మా సూత్రాల్లో ఉంది కూడా. ఒక్కో ఏడు అట్లా ఊరంతా రావడమూ ఉంది.

"వచ్చిందేమో మేడమ్."

"అట్లా అనుకునే చీటీలు పంచేశాను. నిన్న పురుగుల శాస్త్రవేత్త పోయి చూశారు. పది చేలు తిరిగితే ఒక్క దాంట్లో పురుగుంది. మిగిలిన వాటిలో లేదు."

కాగితాలు నా ముందు పరిచింది. నాలుగో ప్రశ్న, ఆకులు ముడుచుకున్నాయా. అన్నింటిలో అవును దగ్గర టిక్కు.

"ఇవన్నీ వాళ్లు చెప్పినవేనా?"

"నేను అడిగాను, ముడుచుకున్నాయి అన్నారు. టిక్కు పెట్టాను. అంతకంటే నేనేం చేస్తాను?"

ఆవిడ తెచ్చిన వాటిలో నా పాత కాగితాలు కూడా ఉన్నాయి. పోయిన ఏడాది ఆగస్టులోనూ ఇరవై రోజులు వాన లేదు. అప్పటి కాగితాలు తీసి చూశాను. నాలుగో ప్రశ్నకు చాలావాటిలో లేదు అని ఉంది. నా చేతి టిక్కే. పాత కాగితం ఒకటి, కొత్త కాగితం ఒకటి పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. పోయిన ఏడాది ఆ రైతులు మాత్రం ముడుచుకోలేదని చెప్పి ఉంటారా? వజ్రకరూరు దగ్గరి పల్లెలో ఒక పెద్దమ్మ నాకు బాగా గుర్తుంది. "ముడుచుకున్యాయి సామీ, కనపల్లేదా" అంది. నేను గట్టు దిగి, ఒక ఆకు వేలితో విప్పి చూశాను. సులువుగా విడిపోయింది. దారం లేదు, పురుగు లేదు. దాహానికి ముడుచుకుంది. లేదు దగ్గర టిక్కు పెట్టాను.

ఆమె అవును అంది. నేను లేదు అని రాశాను.

ఆ ఒక్కచోటే కాదు. ఒక్కో కాగితం చూస్తుంటే ఒక్కో చేను గుర్తుకొచ్చింది. ఎక్కడా అబద్ధం రాద్దామని రాయలేదు. రైతు మాటను మిషనుకు అర్థమయ్యేట్టు రాస్తున్నానని అనుకున్నాను. నిజానికి రోగం ఏమిటో ముందే నేను తేల్చేసుకుని, దానికి తగిన టిక్కులు పెడుతున్నాను. మిషను నా మాటే నాకు తిరిగి చెబుతోంది.

మేడమ్‌తో చెప్పాను. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. కాగితాలన్నీ ఒక్కటిగా సర్ది, "అయితే ఇన్నాళ్లూ మనం మిషనును కాదు, మిమ్మల్ని పరీక్షించాం" అంది. మళ్లీ కాసేపటికి, "మీకు మాత్రం పదికి తొమ్మిది వచ్చాయి. మంచి మార్కులే" అంది.

ఒంట్లో కాస్త ఓపిక రాగానే ఇద్దరం ఆ పెద్దమ్మ ఊరికి పోయాం. చుట్టుపక్కల ఊళ్ల జనం తొలకరికి వజ్రాల కోసం ఆ ఎర్రనేలల్లో తలవంచుకుని తిరుగుతారు. ఆమె మాత్రం ఆ గుంపులో ఎప్పుడూ లేదు. చిన్నప్పుడే పెళ్లయి వచ్చి, నడుమలో భర్త పోయి, అయిదెకరాల చేను ఒక్కతే చేసుకుంటోంది. యాభై దాటిన మనిషి, ఎండుకట్టెలాగా గట్టిగా ఉండేది. మేం ఇచ్చిన చీటీ ఆమె గూట్లో మడతపెట్టి ఉంది. మందు కొట్టలేదు.

"ఎందుకు కొట్టలేదు పెద్దమ్మా?"

"పురుగు ల్యాకుండా దేనికి కొట్టల్ల?"

కానీ ఆమె మరిది కొట్టాడు. పక్క చేనే. మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది. నీళ్లు లేక సొమ్మసిల్లిన ఆకు మీద నడి ఎండలో మందు పడితే ఏమవుతుందో అదే అయింది. ముప్పావు ఎకరా మేర అంచులు మాడి, ఆకు గలగలమని చప్పుడు చేస్తోంది. మరిది గట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ఏమప్పా, కంప్యూటర్ చెప్పిందంటే నమ్మితిమి" అన్నాడు. "అది తప్పు చెప్పదంటివే నువ్వు. పోయినేడు నువ్వే కదా ఈడ కూచోని చెప్పినావు."

చెప్పాను. అదే గట్టు మీద. "తప్పు నాది అన్నా" అన్నాను.

"తప్పు నీదైతే ఆకు పచ్చగైతాదా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అడిగాడు. దాంతో నాకింకా కష్టమైంది.

పెద్దమ్మ అతన్ని ఊరుకోమని సైగ చేసి, మేడమ్ వైపు తిరిగింది. "మీ మిషను ఒగటి అడగలేదమ్మా. ఏ పొద్దులో చూసినావని అడగల్ల. ఎండెక్కితే ఏ శెనక్కాయైనా ముడుచుకుంటాది, నీళ్లు పోకుండా కాచుకోవల్ల కదా. పొద్దు పొడిచి జామైనాక వచ్చి చూడు, విప్పుకోనుంటాది. పురుగు కుట్టింది పొద్దున గూడా విప్పదు."

మేడమ్ సంచిలోంచి పుస్తకం తీసి, నిలబడే రాసుకుంది. రాసుకుని అడిగింది, "పొద్దున విప్పుకుని ఉంటే ఏం చేయాలి?"

"ఏం చేస్తారు? ఊరకుండల్ల. వాన వచ్చినంక కలుపు తీసుకోవల్ల."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడమ్ రాసుకున్న పుస్తకం మళ్లీ తెరిచి చూసింది. తరువాత అంది, "మన దాంట్లో ఊరకుండడం లేదు." నాకు అర్థం కాలేదు. "మిషను దగ్గర పద్నాలుగు జవాబులున్నాయి. అన్నీ ఏదో ఒక పురుగు, ఏదో ఒక తెగులు, మట్టిలో ఏదో ఒక లోపం. ఏమీ చేయవద్దు అన్న జవాబే మనం పెట్టలేదు. ఎవరు ఏం అడిగినా ఆ పద్నాలుగిట్లో ఒకటి చెప్పి తీరాలి."

ఎందుకు పెట్టలేదా అని ఆలోచించాను. ముగ్గురు శాస్త్రవేత్తలూ వాళ్ల వాళ్ల శాఖ జవాబులు చెప్పారు. వాన లేకపోవడం ఎవరి శాఖ కిందికీ రాదు. అనంతపురంలో కూర్చుని, కరువు అన్న సంగతి తప్ప అన్నీ నేర్పాం ఆ మిషనుకు.

పెద్దసారుకు చెప్పడానికి మరునాడు పోయాను. ఢిల్లీ వాళ్లు రావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆయన అంతా విన్నాడు. మరిది చేను సంగతి దగ్గర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నివేదికలో పదికి తొమ్మిది అని నా సంతకంతో పోయింది. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు సార్."

"ఇప్పుడు అది తప్పంటే, మిషను ఒక్కటే పోదు. ఈ కేంద్రం వైపు ఇంకెవడూ చూడడు. నువ్వు గుత్తి పోతావు, నేను రిటైరైపోతాను. పొలంలో పనిచేసే ఇరవైమంది ఎక్కడికి పోతారు?" కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "మేడమ్‌ను ఆ కొత్త ప్రశ్న చేర్చమను. వచ్చిన వాళ్లకు ఎర్రగొంగళి, ఆకుమచ్చ, ఈ రెండూ చూపించండి. అవి బాగానే చెబుతుంది కదా. మిగిలింది తరువాత సరిచేసుకుందాం."

ఆయన్ని చెడ్డవాడని అనుకోకండి. ఆయన చెప్పినదాంట్లో నాకూ న్యాయం కనబడింది. మేడమ్ మాత్రం కొత్త ప్రశ్న ఒక్కటి చేరిస్తే సరిపోదంది. కొత్త జవాబు చేరిస్తే పాత సూత్రాలన్నీ తిరిగి సరిచూడాలి, అది రెండు మూడు నెలల పని అంది. తొమ్మిది రోజుల్లో అతుకు వేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

ఢిల్లీ వాళ్లు వచ్చే రోజున ఒక రైతు చేత కూడా మాట్లాడించాలని పెద్దసారు అన్నాడు. ఎవరిని తేవాలో నాకే వదిలేశాడు. కేంద్రం పక్క ఊళ్లో మాకు అలవాటైన రైతులు ఉన్నారు, చెప్పినట్టు మాట్లాడతారు. నేను పెద్దమ్మను పిలిచాను. అది నా ధైర్యం అని చాలాకాలం చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడనిపిస్తుంది, నోరు తెరిచి నేనే చెప్పే ధైర్యం లేక ఆమెను తెచ్చానేమోనని.

ఢిల్లీ నుంచి నలుగురు వచ్చారు. వాళ్ల అధ్యక్షుడు ముసలాయన. లెక్కల మనిషి, మైసూరు వైపు వాడు. తెలుగు కొంచెం వచ్చు, కన్నడం కలిపి మాట్లాడతాడు. చల్లని గదిలో అందరం ఇరుక్కుని నిలబడ్డాం. మిషను ముందు మేడమ్, పక్కన నేను, నా పక్కన కుర్చీలో పెద్దమ్మ. ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. పెద్దసారు తలుపు దగ్గర.

ఎర్రగొంగళి కేసు చూపించాం. బాగా చెప్పింది. ఆకుమచ్చ కేసు చూపించాం. అదీ బాగానే చెప్పింది. ముగ్గురు తలలూపారు. అధ్యక్షుడు ఊపలేదు. కుర్చీ లాక్కుని పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఇవి వీళ్లు ముందే రాసుకున్నవి. నీ చేను ఎట్లుంది ఇవొత్తు, ఈ పొద్దు?"

"ఎండిపోతాంది సామీ."

"ఆ మాట దీనికి చెప్దాం. వాళ్లు అడుగుతారు, నువ్వు చెప్పు."

పెద్దసారు నా వైపు చూశాడు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోది అడిగాను. "ఆకులు ముడుచుకున్నాయా?"

"ముడుచుకున్యాయి."

మేడమ్ వేళ్లు మీటల మీద ఆగాయి. ఆవిడ నా ముఖం చూసింది. ఒక్క మాట చాలు. ఆమె ఉద్దేశం అది కాదండీ, ముడుచుకోలేదనే అర్థం అని నేను అంటే, లేదు అని నొక్కితే, మిషను ఏ ఇనుపధాతు లోపమో చెప్పి ఊరుకుంటుంది. పోయిన ఏడాదీ అట్లాగే చెప్పింది, మా నేలల్లో ఆ లోపం ఎంతో కొంత ఉండేదే కాబట్టి శాస్త్రవేత్తలు సరే అన్నారు. ఎవరికీ నష్టం లేదు. పైగా, పురుగు లేదన్న సంగతి నిజం కూడా. ఏడాది పాటు నేను చేసింది అదే. కాకపోతే అప్పుడు తెలియక చేశాను.

"ఆమె ఏం చెప్పిందో అదే నొక్కండి" అన్నాను.

మిగిలిన ప్రశ్నలు అయ్యాయి. అచ్చుపెట్టె గరగరలాడింది. ఆకుముడత పురుగు, వెంటనే మందు కొట్టవలెను. అధ్యక్షుడు కాగితం చదివి పెద్దమ్మకు చెప్పాడు. "మందు కొట్టు అంటోంది. కొడతావా?"

"కొట్టను. మా మరిది కొట్టి చూసినాడు."

అధ్యక్షుడు కాగితంతో మా వైపు తిరిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కామెర్ల దగ్గరనుంచి మాడిన చేను దాకా అంతా చెప్పాను. పదికి తొమ్మిది ఎట్లా వచ్చాయో కూడా చెప్పాను. పెద్దసారు వైపు చూడలేదు. చెబుతుంటే అధ్యక్షుడు కుర్చీలో ముందుకు వంగాడు. కోపం అనుకున్నాను.

"అంటే పోయిన సంవత్సరం మిషను తప్పు చెప్పలేదు కదా?"

"నేను చెప్పనీయలేదు సార్."

"నీకు తెలియకుండానే?"

"తెలియకుండానే."

ఆయన వెనక్కి ఆనుకున్నాడు. నా ముప్పై రెండేళ్ల సర్వీసులో ఏ పెద్ద అధికారీ నా తప్పును అంత ఆసక్తిగా వినలేదు. తరువాత ఒక గంట సేపు మమ్మల్నందరినీ వదిలేసి పెద్దమ్మతో మాట్లాడాడు. ఆకు సంగతి, పొద్దుటి సంగతి, దేనికి ఊరకుండాలి, దేనికి ఉండకూడదు. ఆమె కన్నడం మాట కన్నడంలోనే అందుకుంది. మేడమ్ పక్కన కూర్చుని రాసుకుంటూనే ఉంది. పెద్దసారు మాత్రం అందరికీ టీ వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడి, తరువాత తన గదికి వెళ్లిపోయాడు.

నెలన్నరకు ఉత్తరం వచ్చింది. ఈసారి నేరుగా మాకే. అడిగిన మూడేళ్లు ఇవ్వలేదు, పెద్ద మిషను ఇవ్వలేదు. ఒక్క ఏడాదికి ఇచ్చారు, ఒక షరతుతో. రైతు మాటను మార్చకుండా రాయాలి. రాసేవాడి అభిప్రాయం ఏదైనా ఉంటే పక్కన వేరే గడిలో రాయాలి. కేంద్రం మూతపడలేదు. అప్పుడే కాదు, నేను రిటైరైన నాటికి కూడా. కానీ పెద్దసారు నాతో పనికి అవసరమైన మాట తప్ప మాట్లాడడం మానేశాడు. ఆ ఏడాది నా గురించి పైకి రాసే రహస్య నివేదికలో ఏం రాశాడో నాకు తెలియదు. రావలసిన ప్రమోషను మాత్రం రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది.

మరిది చేనుకు పరిహారం ఇమ్మని అర్జీ రాశాను. అట్లాంటి పద్దు లేదని జవాబు వచ్చింది. మరుసటి ఏడు కేంద్రం విత్తనం ఇప్పించగలిగాను, అంతే. అతను తీసుకున్నాడు. కానీ ఆ తరువాత నేను ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు వచ్చి నా పక్కన కూర్చోలేదు.

ఆ ఒక్క ఏడాది నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచి ఏడాది. మిషను గుడ్డ కప్పుకుని నిద్రపోయింది. మేడమ్, నేను పల్లెలు పట్టుకు తిరిగాం. చేను చూసి రోగం చెప్పమని రైతులను అడగడం కాదు, రోగం తేల్చుకోవడానికి మిమ్మల్ని మీరు ఏమని ప్రశ్నించుకుంటారు అని అడిగాం. కొందరు నవ్వారు. కొందరు రెండు రోజులు ఆలోచించి చెప్పారు. పెద్దమ్మ దగ్గరే ఎక్కువ రోజులు కూర్చున్నాం. ఆమె చెప్పినవి రాస్తే మేడమ్ పుస్తకంలో సగం నిండింది.

నిధుల పత్రంలో నిపుణులకు పారితోషికం అని ఒక పద్దు ఉంది. ముగ్గురు శాస్త్రవేత్తలకూ మొదటి ఏడాది దాన్లోంచే ఇచ్చాం. పెద్దమ్మ పేరు మీద నేను ఫారం నింపి పంపాను. ఆఫీసులో గుమాస్తా వెనక్కి పంపాడు. విద్యార్హత గడి ఖాళీగా ఉంది, సర్టిఫికెట్ జతచేయలేదు అన్నాడు. మళ్లీ పంపాను. మళ్లీ వచ్చింది. మూడోసారి పోయి గుమాస్తాతో వాదిస్తుంటే, పెద్దసారు లోపలినుంచి వచ్చాడు. నాతో ఏమీ అనలేదు. ఫారం తీసుకుని, నిలబడే, విద్యార్హత గడిలో తన పెన్నుతో 'నలభై ఏళ్ల మెట్ట సేద్యం' అని రాసి, కింద సంతకం చేసి, గుమాస్తా ముందు పెట్టి పోయాడు.

వారం తరువాత పెద్దమ్మ సంతకం పెట్టడానికి కేంద్రానికి వచ్చింది. పేరు రాయడం వచ్చు ఆమెకు. పెన్ను పట్టుకుని, ఫారం అంతా పైనుంచి కిందికి చూసి, సిరా రంగు వేరుగా ఉన్న గడి మీద వేలు పెట్టింది.

"ఈడేమి రాసినారు?"

చదివి చెప్పాను.

పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నలభై కాదు, నలభై రెండు. నేను చెప్పినట్లే రాయమను."

ఫారం తీసుకుని పెద్దసారు గదిలోకి పోయాను. సంగతి చెప్పాను. ఆయన పెన్ను తీశాడు. నలభై కొట్టేసి, పైన నలభై రెండు అని రాసి, పక్కన పొడి సంతకం చేశాడు. కాగితం నా చేతికి ఇస్తూ, అన్ని నెలల తరువాత మొదటిసారి నా ముఖం చూసి, "ఇంకేమైనా సరిచేయాలేమో కూడా ఆమెనే అడుగు" అన్నాడు.